రూపాయికి నలుబదియెనిమిది

రూపాయిని పదమూడణాలకు బేరమాడిన ఘనుడను నేను. 1951వ సంవత్సరమున చెన్నపట్టణమున, మూర్ మార్కెట్టులోని పాతనాణెముల అంగడి యొకదాని ముందర జరిగిన ముచ్చట యిది. ఆ రూపాయి 1862వ సంవత్సరపుది. విక్టోరియారాణి చెంప కొంచె మరిగిపోయి, కిరీటపు అంచును ముక్కుకొనయు మాత్రము స్ఫుటముగా నిలిచియుండెను. అంగడి పెద్దాయన దానికి మూడు రూపాయలు చెప్పెను. బందరులో కూరగాయల బజారున మా నాయనమ్మ చెంగు పట్టుకొని తిరుగుచు నేర్చిన బేరపువిద్య యొక్కటే నా కప్పటికి తెలియును: చెప్పినదానిలో సగమునకు సగ మడుగవలెను, ఆపైన అర్ధణా చొప్పున మెట్లెక్కవలెను, నడుమ నొకసారి అక్కఱలేనట్లు నాలుగడుగులు ముందుకు సాగిపోవలెను. మూడు రూపాయలలో సగమునకు సగము పండ్రెండణాలు; పెద్దవాడు గదా యని మరియొక అణా దయతలచి పదమూడంటిని.

ఆయన కోపపడలేదు, నవ్వనులేదు. బనియను జేబులోనుండి అప్పుడు చెల్లుబడిలోనున్న పులిబొమ్మ నికెలు రూపాయి నొకదానిని తీసి, రాణిగారి ప్రక్కన పెట్టి, తన నెల్లూరి యాసలో మెల్లగా ననెను: "అబ్బయా, ఈ నికెలు బిళ్ళకి బయట పదహారణాలిస్తారు. అది తులం వెండి. పదమూడణాలకి రూపాయలు దొరికే చోటేదన్నా ఉంటే చెప్పు, అంగడి మూసేసి నేనూ వస్తా."

ప్రక్క అంగళ్ళవారు నవ్విరి. నేను మాత్రము వెంటనే వెడలిపోక, ఆ రూపాయి నికెలు బిళ్ళకంటె ఎందుచేత మిన్నయో అడిగితిని. ఆ ప్రశ్న యడిగినందున నాకు పదునాలుగేండ్ల స్నేహము లభించెను. కంపెనీవారి కాలమున 1835లో ఏర్పఱచిన తూకము నూటయెనుబది గ్రెయినులనియు, అందు పండ్రెండుపాళ్ళలో పదునొకండుపాళ్ళు వెండి యనియు, యుద్ధకాలమున 1940లో దానిని సగమునకు సగము చేసిరనియు, 1947 నాటికి వెండి పూర్తిగా మాయమై నికెలు మిగిలెననియు ఆయన పూసగ్రుచ్చినట్లు చెప్పి, చివరకు, "కంసాలి కుంపట్లో వేసినా నీ పదమూడణాలకంటే ఎక్కువే పలుకుతుంది, ఆ పైన ఇచ్చేదే నాకూ, నీకూ మధ్య బేరం" అనెను. కరగించిన ధర నేల. ఆ నేలకు దిగువన అడుగువాడు గొయ్యి త్రవ్వుచున్నాడేగాని బేరమాడుటలేదని నాకు తెలిసివచ్చినది ఆనాడే.

సెంట్రల్ స్టేషనులో దిగి బయటికి రాగానే ఎఱ్ఱయిటుకల గోడలతో, గుమ్మటములతో, చుట్టును వసారాలతో కోటవలె కానవచ్చుచుండిన ఆ కట్టడము నిప్పటివా రెఱుగరు. బ్రాడ్వేలో మురికికూపముగా నుండిన పాత అంగడిని తొలగింపదలచి, నగరపాలకసంఘాధ్యక్షుడైన సర్ జార్జి మూర్ దొర 1898లో పునాదిరాయి వేయగా, 1900లో తలుపులు తెరచిన ఆ మార్కెట్టు, కట్టించినవారు తలచినట్లు కాయగూరలతోను మాంసముతోను తృప్తిపడి యుండక, క్రమక్రమముగా, ఒక యింట అక్కఱ తీరిన ప్రతివస్తువును మఱియొక యింటికి పోవుటకుముందు కొంతకాలము విశ్రమించు సత్రముగా మాఱిపోయెను. అట్ట లూడిన ఆంగ్లనవలలు, దొరలు ఓడ యెక్కుచు వదలిపోయిన దీపపుసెమ్మెలు, ముల్లు కదలని గోడగడియారములు, గ్రామఫోను పళ్ళెములు, పంజరములలో రామచిలుకలు, ఈ నడుమ మా పెద్దాయన. ఆ ప్రక్కనే జంతుప్రదర్శనశాల యుండుటచేత, ఒక్కొక్కప్పుడు బేరము పాకమునకు వచ్చిన సమయమున సింహము గర్జించుటయు కలదు. 1953లో ట్రాములు నిలిచిపోవువఱకు నేను జార్జిటౌనునుండి ట్రాములో పోవుచుంటిని. ఆపైన నడచి పోవుచుంటిని, ఆ మిగిలిన డబ్బు నాణెములలోనికి పోవుచుండెను.

మూర్ మార్కెట్టులో ధర వస్తువునకు గాక, కొనవచ్చినవాని ముఖమునకు కట్టబడుచుండెనని లోకమున ప్రతీతి. అందు కొంత నిజము లేకపోలేదు. పరీక్షలకు వారము దినము లుండగా రొప్పుచు వచ్చి పాఠ్యగ్రంథము పేరు చెప్పిన విద్యార్థికిని, వేసవిలో ఊరక తిరుగుచు అదే గ్రంథమును కాలితో కదిపిన విద్యార్థికిని పుస్తకములవాడు చెప్పు ధరలకు నడుమ ఒక నెల భోజనపుఖర్చంత దూర ముండెడిది. అతడు తక్కువకు అడిగినవానిని తమిళములో తిట్టెడివాడు. తిట్టు పూర్తియగునప్పటికి పుస్తకము కాగితములో చుట్టబడి యుండెడిది. ఆ తిట్టు బేరములో నొక భాగమేయని తెలియక మొగము చిన్నబుచ్చుకొని పోయిన క్రొత్తవారిని జూచి నే నెంతయో జాలిపడితిని. గ్రామఫోను పళ్ళెములవాని రీతి వేఱు. తక్కువ ధర చెవిని పడగానే వానికి చెముడు వచ్చెడిది. నాలుగుసార్లు చెప్పినను వినబడదు. గిట్టుబాటగు ధర యెంత మెల్లగా గొణిగినను వినబడును.

మా పెద్దాయన కీ విద్యలలో నేదియు అక్కఱలేకపోయెను. ఆయన అంగడి యనగా నిడువునకు రెండుబారలు, వెడల్పునకు ఒకబారయునైన చెక్కబల్ల. దానిపై సిగరెట్టు డబ్బాలలో చిల్లరనాణెములు, అట్టపెట్టెలో కాగితపు పొట్లములలో మేలిరకములు, క్రింద తాళము వేసిన పెట్టెలో ఇంకను మేలిరకములు. పూర్వమొక నాటకసమాజమున హార్మోనియము వాయించెడివాడట. సమాజము చెదరిపోగా, జీతమునకు బదులుగా యజమాని యిచ్చిన పాతనాణెముల సంచితో చెన్నపట్టణము చేరి, ఆ సంచియే మూలధనముగా కూర్చున్నాడు. ఎవడైనను హాస్యాస్పదమైన ధర పలికినప్పుడు ఆయన చేయు మొదటిపని, ఆ నాణెమును వాని చేతినుండి నెమ్మదిగా తీసికొని, మెత్తని గుడ్డతో నొకసారి తుడిచి, మరల పొట్లములో పెట్టుట. మాట లేదు. వాడు అంటించిన ధరను తుడిచివేయుచున్నాడా యన్నట్లుండెడిది. అట్లు పొట్లములోనికి పోయిన నాణెమును మరల చూపుమని అడుగుటకు చాలమందికి నోరు రాదు. అడిగిన వానికి రెండవసారి చూపునప్పుడు ధర తగ్గదు, కాని ఆ నాణెమును గుఱించి ఒక మాట యెక్కువగా చెప్పెడివాడు.

ఒక వకీలు వచ్చి 1911వ సంవత్సరపు అయిదవ జార్జి రూపాయిని బేరమాడిన తీరు నేను కన్నులార చూచితిని. ఆ యేటి రూపాయిలో చక్రవర్తి మెడహారమునందలి ఏనుగు, తొండము పొట్టిదై, చూచువారికి పందివలె కనబడెననియు, ముసల్మానులు అందులకు కినుక వహింపగా ప్రభుత్వమువారు దానిని వెనుకకు తీసికొని మరుసటి యేట ఏనుగును సరిగా చెక్కించిరనియు నాణెములు సేకరించువారందఱకును తెలిసినదే. వకీలుగారు ఆ కథను పెద్దాయనకే బోధించి, "పంది రూపాయికి అంత ధరేమిటయ్యా?" యని చెప్పినదానిలో నాలుగవవంతు కడిగిరి. పెద్దాయన చెప్పిన ధరకు రూపాయి పెంచెను. వకీలుగారు తమ ధర కొక పావలా చేర్చిరి; పెద్దాయన మఱియొక రూపాయి పెంచెను. "ఇదేమి బేరమయ్యా, వెనక్కి నడుస్తోంది?" యని వారు అచ్చెరువొందగా, "తమరు కథ చెబుతున్నకొద్దీ నాకు దాని విలువ తెలిసొస్తావుందండీ" యని పెద్దాయన వినయముగా బదులు చెప్పెను. న్యాయస్థానమున ఎన్ని వాదములు గెలిచినవారో గాని, ఆనాడు వకీలుగారు మొదటి ధరకు రెండు రూపాయ లెక్కువ యిచ్చి, నవ్వుచునే వెడలిరి.

అందఱయెడలను ఇట్లే యుండెనని చెప్పజాలను. పిల్లలు అణా తెచ్చి చిల్లుకాని యడిగినయెడల కానితోపాటు దమ్మిడీ యొకటి కొసరుగా పెట్టెడివాడు. చూపులలోనే కోరికయు జేబులో లేమియు బయటపడువారికి, అడిగిన నాణెమును ప్రక్కకు త్రోసి, అదేరకములో బాగుగా నరిగినదానిని తీసి, "నీ డబ్బులకి ఈయన వస్తాడు, ఆయన రాడు" అని పరిచయము చేసెడివాడు. అరిగిన రాజును మెరుగైన రాజును సమముగా గౌరవించుచు ఆయన చేయు ఆ పరిచయములో అడిగినవానికి అవమాన మనునది లేకుండెను. బోణీబేరమునకు మాత్రము ఆయన నియమములన్నియు సడలిపోవుచుండెను. ప్రొద్దుటి మొదటివానిని వట్టిచేతులతో పంపినచో దినమంతయు పాడగునని నమ్మినవాడు. ఆ రహస్యము గ్రహించి నాబోటివారు కొందఱు ఏడుగంటలకే వచ్చి వసారాలో కాచుకొని యుండుటయు, ఆయన మమ్ము దూరమునుండియే చూచి, ముందుగా ప్రక్కయంగడి కుఱ్ఱవానికి కానికొక సిగరెట్టుడబ్బా మూత నమ్మి బోణీ చేసికొని, పిదప మాకు స్వాగతము పలుకుటయు జరిగినవి. ఇది అధర్మమని మేము ఫిర్యాదు చేసితిమి. "మీరు కొనేదానికొచ్చారా, బోణీని కొట్టేసేదానికొచ్చారా?" అనెను.

కొనునప్పటి ఆయనను చూచినవారికే అమ్మునప్పటి ఆయన అర్థమగును. పల్లెలనుండి రైతులు పొలము దున్నునపుడు దొరకినవియు, వితంతువులు పెట్టె అడుగున మిగిలినవియు తెచ్చెడివారు. లోకములో వర్తకుడనువాడు కొనునప్పుడు వస్తువును నిందించును, అమ్మునప్పుడు దానినే స్తుతించును. నాకు తెలిసినంతవఱకు ఈ నియమమును తలక్రిందులు చేసినవా డాయన యొక్కడే. తెచ్చినవారు ధర చెప్పుటకు ముందే త్రాసులో వేసి, "ఇది లోహం ధర, దీనికి తగ్గి ఎవరడిగినా ఇవ్వొద్దు" అని మొదట చెప్పి, తరువాత తా నమ్మగల ధరను చెప్పి, ఆ రెంటికి నడుమ తా నియ్యగలదానిని చెప్పెడివాడు. ఒకసారి కృష్ణాతీరపువా డొకడు సీసపు బిళ్ళలు నాలుగు తెచ్చెను. చేపలవలకు కట్టు గుండ్లుగా వాడుకొనుచున్నారట. అవి శాతవాహనుల నాణెములు. పెద్దాయన వానిని చేతిలో నుంచుకొని చాలసేపు మాటాడలేదు. పిమ్మట గుంటూరులో కమీషనరుగా నుండిన వాల్టర్ ఎలియట్ దొర అమరావతి శిల్పములతోపాటు ఇట్టి బిళ్ళలనుకూడ ప్రోగుచేసిన సంగతియు, చూపు మందగించిన ముసలితనమున దక్షిణదేశపు నాణెములపై ఆయన వ్రాసిన గ్రంథము 1886లో వెలువడిన సంగతియు ఆ పల్లెవానికి చెప్పసాగెను. వాడు బిక్కమొగము వేసికొని వినెను. వాని కెంత యిచ్చెనో నాకు వినబడలేదు గాని, ఆ ధర విని తిరిగి బేరమాడవలసిన అవసరము వానికి కలుగకపోవుట మాత్రము చూచితిని.

రామటెంకలు తెచ్చినవారితో మాత్రము చిక్కు. పట్టాభిషేకపు ముద్రగల ఇత్తడిబిళ్ళ నొకదానిని పూజలో నుంచుకొని, అది శ్రీరామచంద్రుడు స్వయముగా వేయించిన మాడయని నమ్మినవానితో, ఇది ఎనిమిదణాలు కూడ చేయదని చెప్పుట యెట్లు? ఆయన దానిని కన్నుల కద్దుకొని, "ఇది అమ్మేది కాదు నాయనా, పూజలో పెట్టుకో" యని తిరిగి యిచ్చెడివాడు. తక్కువ ధర చెప్పి మనసు విఱుచుటకంటె ధరయే చెప్పకుండుట మేలని ఆయన తలంపు కాబోలు.

ఇక ఆయన పొట్లముల రహస్యము. ఒక్కొక్క కాగితపు పొట్లము మూలను పెన్సిలుతో చిన్నగా ఏదోయొక మాట వ్రాసి యుండెడిది: జయ, గౌరి, భామ, లత. మొదట ఇవి మనుమరాండ్ర పేర్లనుకొంటిని. రెండేండ్లపాటు అట్లే యనుకొంటిని. ఒకనాడు సంగీతము నేర్చుకొనుచున్న కుఱ్ఱవాడొకడు ధీరశంకరాభరణము ఎన్నవ మేళకర్తయని అడుగగా, పెద్దాయన వ్రేళ్ళు ముడుచుచు, "ధకారం తొమ్మిది, రకారం రెండు, అంకెలు వెనక్కి నడుస్తాయి గాబట్టి ఇరవైతొమ్మిది" అనెను. నాకు తటాలున తల తిరిగినట్లయ్యెను. మా తాతగారి జ్యోతిషపు తాటియాకులలో చిన్ననాడు నేర్చిన కటపయాదిసంఖ్యయే యిది గదా! 'జయ' యనగా ఎనిమిదియు ఒకటియు, వెనుకకు చదివిన పదునెనిమిది, 'గౌరి' ఇరువదిమూడు, 'భామ' ఏబదినాలుగు. అవి మనుమరాండ్రు కారు, అణాలు. ఆయన కొనుబడి ధరలు. అమ్మువానికి తన అసలు ఎంతయో జ్ఞాపకముండవలెను, కొనువానికి తెలియకుండవలెను. అందులకై వర్తకులందఱును ఏదోయొక గూఢలిపిని వాడుదురుగాని, డెబ్బదిరెండు మేళకర్తల కీలును సిగరెట్టుడబ్బాకు బిగించినవాడు మా పెద్దాయన యొక్కడే యని తలంచెదను.

జ్ఞానము కలిగినవాడు మూర్ఖుడగుటకు ఎంతయో కాలము పట్టదు. ఆ వారమే 'గౌరి' యని వ్రాసిన పొట్లములోని ఆర్కాటు రూపాయి నొకదానిని చేతికి తీసికొంటిని. నాలుగు రూపాయలు చెప్పెను. నేను గంభీరముగా, ఇరువదినాలుగణాలంటిని. అనగా ఆయన కొన్నదానిపై సరిగా ఒక అణా లాభము. రూపాయిన్నరయని యెల్లరవలె అనక, అణాలలో ననుటయే నా తప్పిదము. ఆయన పొట్లమును చూచెను, నన్ను చూచెను.

"ఏ రాగం నేర్చుకుంటావుండావు అబ్బయా?"

నే నేమియు పలుకలేదు.

"కొనుబడి తెలిసినవాడికి బేరం తెలిసిందనుకోబాక. ఇది రెండేళ్ళు ఈ పెట్టెలో పడుకొనుంది. రోజూ రాత్రి తాళం వేసి పొద్దున తీసినాను. నువ్వొచ్చేదాకా ఎవరికీ ఇయ్యకుండా కాపలా కాసినాను. ఆ కాపలాకి అణాయేనా కూలి?"

మూడు రూపాయ లిచ్చి తీసికొంటిని. మరుసటి వారము పొట్లములపై మాట లవియే యున్నవి, కాని లెక్కలు పొసగుట మానినవి. అంకెలను తిన్నగా చదువ నారంభించెనో, యొక్కొక్కటి కలిపి వ్రాయ నారంభించెనో, కొన్ని పొట్లములపై నన్ను ఏమార్చుటకే వట్టి మాటలు వ్రాసెనో నాకు నేటికిని తెలియదు. అడుగుటకు మొగము చాలలేదు.

1956లో, వానాకాలపు సాయంకాలమున, అంగళ్ళు చాలవఱకు మూసియున్న సమయమున ఆయన నాకొక రాగినాణెము చూపెను. నిగనిగలాడుచు, నిన్ననే టంకసాలనుండి వచ్చినట్లుండెను. ఒక ప్రక్క రెండు సింహములు పట్టుకొనియున్న కంపెనీవారి చిహ్నము, ఆ క్రింద 'రూపాయికి 48' అని యర్థమిచ్చు ఆంగ్లపు మాటలు. రెండవ ప్రక్క కంపెనీవారు సరకుమూటలపై వేయు గుర్తు, 1794. ఆరు రూపాయలనెను. అరుదైన నాణెము కాదు, ఆ సంగతి నాకు తెలియును. మెఱుగునకే ఆ ధర. దాని ముఖవిలువ లెక్కగట్టిన, నూటతొంబదిరెండు పైల రూపాయిలో నలుబదియెనిమిదవవంతు నాలుగు పైలు! నేను నవ్వుచు, నాలుగు పైల నాణెమునకు పండ్రెండణా లిత్తునంటిని.

గుడ్డ తీయునని యెదురుచూచితిని. తీయలేదు. నాణెము నా యరచేతిలోనే యుండనిచ్చి, "ఇది ఎక్కడ చెల్లిందో చెప్పు. చెబితే నీ పండ్రెండణాలకే ఇస్తా" అనెను.

ఎగ్మూరు మ్యూజియము ప్రక్కన కన్నెమరా గ్రంథాలయములో ఎన్నో ఆదివారములు గడపినవాడను గనుక నాకు తెలిసియుండెను. "ఉత్తర సర్కారుల్లో" అంటిని.

"అంటే?"

"అంటే మా బందర్లో."

"ఎక్కడ పుట్టింది?"

"బర్మింగుహాములో. బౌల్టన్ దొర ఆవిరియంత్రం మీద కొట్టించాడు."

ఆయన తల యూపెను. సోహో టంకసాలలో పుట్టి, ఆఱు మాసములు ఓడపై ప్రయాణము చేసి, బందరు రేవున దిగి, మా ముత్తాతలలో నెవ్వరో ఉప్పుకో వక్కాకుకో చెల్లించియుండవలసిన ఆ బిళ్ళ, ఎవరిచేతను చెల్లింపబడక, మెఱుగు మాయక, నూటయఱువదిరెండేండ్లకు సెంట్రల్ స్టేషను ప్రక్కన నా చేతిలో పడియున్నది. పైకప్పుపై వాన కురియుచుండెను. పెద్దాయన పెట్టె మూసి, తాళపుచెవిని మొలత్రాటికి కట్టుకొనుచు ననెను: "చెప్పినావు. మాటంటే మాటే, పండ్రెండణాలకి తీసుకుపోవచ్చు. లేదా, ఇప్పుడు మళ్ళీ అడుగు. తెలియకుండా అడిగింది బేరం కాదు అబ్బయా."

ఈ మాట నాకు మహాసంకటముగా పరిణమించెను. పండ్రెండణాలు నాలుకపైకి రాలేదు. ఆరు రూపాయలు జేబులో లేవు. జేబులో మూడు రూపాయలును కొంత చిల్లరయు ఉన్నవి. ఆ మూడింటిని బల్లపై నుంచితిని. ఆయన లెక్కపెట్టక తీసికొని, నాణెమును పొట్లములో చుట్టి నా చొక్కాజేబులో తానే వేసెను. బయటికి వచ్చునప్పటికి జంతుశాలలో ఏదో పక్షి అఱచుచుండెను. ఇంటికి తడియుచు నడచితిని.

మరుసటి సంవత్సరము ఏప్రిలు మొదటితేదీన నయాపైసలు వచ్చినవి. అణాలు, బేడలు, కానులు ఒక్కమాటున మా పెద్దాయన సరకుగా మారిపోయినవి. రైలుటిక్కెట్టున కిచ్చి వచ్చిన చిల్లరనుండి సేకరణకు కావలసిన నాణెము లేరుకొనుట ఒక యేడాదిపాటు పట్టణమునకే వినోదమయ్యెను. "ఇప్పుడు ఊరందరూ నా అంగడే" యని ఆయన వేడుకగా ననుచుండెను గాని, బేరములు చెడినవి. పావలాను ఇరువదియైదు పైసలనవచ్చును, అర్ధణాను మూడు పైసలనుటతో ఎచ్చటనో యొక చిన్న చీలిక. ఆయన కడవఱకును అణాలలోనే ధర చెప్పెను. క్రొత్తతరమువారు దానిని పైసలలోనికి మార్చుకొనుటకు ఆగునప్పటికి బేరము చల్లారిపోవుచుండెను. 1965లో నాకు ఉద్యోగరీత్యా హైదరాబాదునకు బదిలీయయ్యెను. రెండు కార్డులు వ్రాసితిని. మొదటిదానికి జవాబు వచ్చినది, హాలీసిక్కా రూపాయలు చార్మినారు బొమ్మతో నున్నవి శుభ్రమైనవి దొరకినచో పంపుమని, పంపునప్పుడు నాకు గిట్టు ధర వ్రాయుమని. రెండవదానికి రాలేదు.

మూర్ మార్కెట్టు 1985 మే 30న తగులబడినది. ఆ స్థలమున ఇప్పుడు రైళ్ళు ఆగుచున్నవి.

ఆ తరువాత నేను చూచిన బేరములలో చెప్పదగినది యొకటియే. పదునైదేండ్ల క్రిందట సికింద్రాబాదులో కాలిబాటపై నొక కుఱ్ఱవాడు, హనుమంతుని బొమ్మయు, కంపెనీ పేరును, 1818 సంఖ్యయు గల బిళ్ళను చూపి రెండువేలనెను. కంపెనీవారు అట్టి నాణెమును ఎన్నడును వేయలేదు. ఊరక మాట కలుపుదమని ఏబదియంటిని. "తీసుకోండి సార్" అనెను. రెండువేలకును ఏబదికిని నడుమ ఒక నిట్టూర్పైనను లేదు, ఒక తిట్టైనను లేదు, వానికి ఆ బిళ్ళ యేమిటో చెప్పుటకు సందైనను లేదు. నోరు జారినందుకు ఏబది యిచ్చి వచ్చితిని; ఆ బిళ్ళ మా యింట కాగితములపై బరువుగా నున్నది.

బందరు నాణెమును మాత్రము అప్పుడప్పుడు తీసి చూచుకొనుచుందును. మెఱుగు కొంత తగ్గినది. పొట్లము పసుపుపచ్చనై మడతలవెంట చినిగినది, ఐనను మూలనున్న పెన్సిలు వ్రాత చెడలేదు: 'రాజా'. రకారము రెండు, జకారము ఎనిమిది. కటపయాది నియమము ననుసరించి వెనుకకు చదివిన ఎనుబదిరెండణాలు, అనగా అయిదు రూపాయల రెండణాలు. నాకు మూడింటికి ఇచ్చినాడు. తిన్నగా చదివిన ఇరువదియెనిమిదణాలు, రూపాయి ముప్పాతిక. ఆ లెక్కన నావద్ద చక్కని లాభమే తీసినాడు. ఇంతకును నాణెముపైనున్న లాటిను మాటలలో ఇంగ్లండు రాజుగారి ప్రస్తావన గలదు. కావున అది ధరయే కాక, ఏ పొట్లములో ఏది యున్నదో తెలియుటకు వ్రాసికొన్న గుర్తైనను కావచ్చును. భూతద్దము పెట్టి చూచితిని. జకారపు దీర్ఘము కొంచెము వెడల్పుగా, ఒకసారి చెఱిపి మరల వ్రాసినట్లున్నది.